పాఠకుల ప్రశ్నలకు జవాబులు: కర్ణుడి దేహమూ మనసూ

ప్రశ్న: నేను తెలుగు ఎం.ఏ. చదువుతున్నాను. మహాభారతంలోని కర్ణుణ్ణి విషాద వీరుడిగా తీసుకొని, అతని శారీరక, మానసిక లక్షణాలను విశ్లేషిస్తూ వ్యాసం రాయమన్నారు. కవచకుండలాలు, దానగుణం, మిత్రభక్తి అంటూ అందరూ రాసేదే నేనూ రాస్తున్నానేమోనని అనిపిస్తోంది. అతని దేహానికీ మనస్తత్వానికీ సంబంధం ఏమైనా ఉందా? (ఒక విద్యార్థిని, విజయనగరం)

జవాబు: సంబంధం ఉంది. మీ వ్యాసానికి అదే ఆధారం కావాలని నా అభిప్రాయం. కర్ణుడి దేహం ఎంతటి నొప్పినైనా ఓర్చుకుంటుంది, అతని మనసు మాత్రం చిన్న మాటను కూడా ఓర్చుకోలేదు. ఈ రెండింటినీ వేరువేరు శీర్షికల కింద పెడితే ఆ ఎడం కనిపించకుండా పోతుంది.

ఆదిపర్వంలోని అస్త్రవిద్యా ప్రదర్శనతో మొదలుపెట్టండి. బంగారు తాటిచెట్టులా పొడవైనవాడు, సింహం వంటి దృఢమైన ఒడలు గలవాడు, కుండలాల కాంతితో వెలిగే ముఖం గలవాడు, నడిచి వస్తున్న పర్వతంలా ఉన్నవాడు అంటూ వ్యాసుడు కర్ణుణ్ణి రంగంలోకి తీసుకువస్తాడు. అర్జునుడు చూపిన విద్యలన్నీ అతడూ చూపుతాడు. ద్వంద్వయుద్ధానికి సిద్ధపడిన ఆ వీరుణ్ణి కృపాచార్యుడు తల్లిదండ్రులెవరో, వంశమేదో చెప్పమని అడగగానే, అంతటి ముఖమూ వానకు తడిసి వాలిపోయిన తామరలా అయిపోతుంది. దుర్యోధనుడు అక్కడికక్కడే అంగరాజ్యం కట్టబెట్టి, బదులుగా చెరగని స్నేహం మాత్రమే కోరతాడు. ఇంతలో పెంపుడు తండ్రి, రథసారథి అయిన ముసలి అధిరథుడు కర్ర ఊతంతో, చెమటలు కారుతూ వస్తే కర్ణుడు విల్లు వదిలి, అభిషేక జలంతో ఇంకా తడిగా ఉన్న తలను వంచి నమస్కరిస్తాడు. ఇక కొరడా పట్టుకోవడమే నీకు తగిన పని అని భీముడు ఎగతాళి చేస్తాడు. సిగ్గు, కృతజ్ఞత, పెంచిన తండ్రిపై ప్రేమ ఈ మూడూ ఒకే పూట అతనిలో నాటుకున్నాయి. కర్ణుడు తరువాత చేసిన మంచికీ చెడుకీ మూలాలు నాకు ఇక్కడే కనిపిస్తాయి.

ఇప్పుడు ఆ ముఖాన్ని మరో రెండు సందర్భాలతో పోల్చి చూడండి. బ్రాహ్మణుడినని చెప్పి పరశురాముడి దగ్గర విద్య నేర్చుకుంటున్న రోజుల్లో, గురువు తన ఒడిలో తలపెట్టుకొని నిద్రపోతుండగా, ఒక పురుగు తొడను తొలుచుకుపోయినా కర్ణుడు కదలడు. నెత్తురు తగిలి లేచిన గురువుకు, ఇంతటి ఓర్పు బ్రాహ్మణుడిది కాదని వెంటనే అర్థమవుతుంది. నాలుక దాచిన నిజాన్ని దేహం బయటపెట్టింది, శాపం తగిలింది. రెండవది కుండలాహరణం, తెలుగులో ఎర్రన పూరించిన అరణ్యపర్వ భాగంలోకి వచ్చే ఘట్టం. ఇంద్రుడు మారువేషంలో వస్తాడని సూర్యుడు కలలో ముందే హెచ్చరిస్తాడు. ప్రాణం పోయినా కీర్తే ముఖ్యమంటాడు కర్ణుడు. చచ్చినవాడికి కీర్తి, శవానికి వేసిన పూలదండ వంటిదని సూర్యుడు వాదించినా వినడు, చివరకు శక్తి ఆయుధాన్ని బదులు అడగడానికి మాత్రం ఒప్పుకుంటాడు. కవచాన్ని ఒంటినుంచి తానే కోసుకుంటున్నప్పుడు అతని ముఖంలో బాధ తాలూకు వికారం ఏమాత్రం లేదని వ్యాసుడు చెబుతాడు. అయితే కోసుకునే ముందు కర్ణుడు ఇంద్రుణ్ణి మరో కోరిక కూడా కోరాడు: కోసిన తరువాత తన శరీరం చూడడానికి వికారంగా ఉండకూడదు.

చాలామంది ఈ కోరికను పట్టించుకోరు. నాకు మాత్రం కర్ణుడి మనస్తత్వమంతా ఇందులోనే ఉందనిపిస్తుంది. మరణాన్ని అంగీకరించగలిగినవాడు నలుగురి కళ్లలో వికారంగా కనబడడాన్ని అంగీకరించలేకపోతున్నాడు. దీన్ని అందంపై మోజుగా కొట్టిపారేయకండి. పుట్టుక గురించి చెప్పుకోవడానికి ఏమీ లేనివాడికి ఆ దేహమొక్కటే నిండు సభలో తలెత్తుకునే ఆధారం.

అతని బలహీనత ఎదుటివారికీ తెలుసు. యుద్ధానికి ముందు భీష్ముడు అతణ్ణి అర్ధరథుడని, అంటే సగం రథికుడి పాటి చేయడని తీసిపారేస్తే, భీష్ముడు పడిపోయేదాకా ఆయుధం పట్టనని కర్ణుడు ప్రతిజ్ఞ చేశాడు. ఒక్క మాటతో కౌరవసేన పది రోజులు అతణ్ణి కోల్పోయింది. అంపశయ్య మీద భీష్ముడు, నీ తేజస్సు తగ్గించడానికే ఆ పరుషవాక్యాలు అన్నానని స్వయంగా చెబుతాడు. శల్యుడు కూడా ధర్మరాజుకు ఇచ్చిన మాట ప్రకారం, కర్ణుడికి సారథిగా రథం మీద కూర్చొని అదే పని చేస్తాడు.

దీనికి ఎదురుగా ఉద్యోగపర్వంలో శ్రీకృష్ణుడితో సంభాషణను పెట్టండి. నువ్వు కుంతి కొడుకువి, పాండవులకు అన్నవి, రాజ్యం నీదేనని చెప్పినా కర్ణుడు కదలడు. తనను చూడగానే రాధకు పాలు వచ్చాయని, ఆమె తన మలమూత్రాలు ఎత్తి పెంచిందని, అధిరథుడు జాతకర్మ చేయించాడని చెబుతాడు. బంగారానికి గానీ భయానికి గానీ ఆ బంధాన్ని వదలనంటాడు. అవమానానికి లొంగే మనసు గౌరవానికి అమ్ముడుపోలేదు. ఇక్కడ కర్ణుడు నిజంగా గొప్పవాడు.

అయితే అదే సంభాషణలో, దుర్యోధనుడి మెప్పు కోసం పాండవులను అన్న కటువైన మాటలకు ఇప్పుడు తపిస్తున్నానని కూడా ఒప్పుకుంటాడు. జూదసభలో ద్రౌపదిని కులటగా నిందించింది, ఆమె వస్త్రాలు ఒలవమని దుశ్శాసనుడికి చెప్పింది ఈ కర్ణుడే. దయచేసి మీ వ్యాసంలో దీన్ని దాటవేయకండి. ఒకనాడు నిండు సభలో తల దించుకున్నవాడే మరొక నిండు సభలో ఒక స్త్రీని అంతకు మించి అవమానించాడు. శ్రీకృష్ణుడు, అర్జునుడు, కుంతి, ఇంద్రుడు, భూమి, పరశురాముడు అంటూ అతని చావుకు ఆరుగురిని లెక్కపెట్టే చాటుపద్యం మన పెద్దలు చదువుతుంటారు. ఆ లెక్కలో కర్ణుడు లేడు. ఉండి తీరాలని నా నమ్మకం.

ప్రశ్న: కర్ణుడు యుద్ధంలో కొన్నిసార్లు పారిపోయాడని చదివాను. అటువంటివాణ్ణి మహావీరుడని ఎలా అంటాం? (ఒక పాఠకుడు, నిజామాబాద్)

జవాబు: మీరు చదివింది నిజమే. ఘోషయాత్రలో గంధర్వులు రథాన్ని ముక్కలు చేస్తే వికర్ణుడి రథమెక్కి తప్పుకున్నాడు. ఉత్తరగోగ్రహణంలో అర్జునుడి చేతిలో ఓడాడు. కురుక్షేత్రంలో పద్నాలుగవ రోజున భీముడి ముందు కూడా ఒకటికి రెండుసార్లు వెనుదిరిగాడు. రంగస్థలం మీదా తెర మీదా ఇవి అంతగా కనిపించవు కాబట్టి మనకు కొత్తగా అనిపిస్తాయి. ఓటమి ఎరగనివాడే వీరుడనే కొలత మహాభారతంలో దాదాపు ఎవరికీ సరిపోదు.

అతని వీరత్వాన్ని చూడవలసిన చోటు మరొకటి ఉంది. అర్జునుణ్ణి తప్ప మిగిలిన నలుగురినీ చంపనని కుంతికి మాట ఇచ్చాడు. భీముడు, నకులుడు, సహదేవుడు, ధర్మరాజు వేరువేరు సందర్భాల్లో చేతికి చిక్కినా, ఆ మాట కోసమే వదిలిపెట్టాడు. విజయం గుప్పిట్లో ఉన్నప్పుడు దాన్ని జారవిడవడానికి కావలసిన నిగ్రహం సామాన్యమైనది కాదు. కానీ వదిలేటప్పుడు భీముణ్ణి వింటి కొనతో పొడిచి తిండిపోతువని వెక్కిరించాడు, నకులుడి మెడకు విల్లు తగిలించి నీకు సమానమైనవారితో యుద్ధం చేసుకోమన్నాడు. ప్రాణం తీయకుండా ఆపుకోగలిగినవాడు ఆ ఎగతాళిని ఆపుకోలేకపోయాడు. తాము ఎందుకు బతికి బయటపడ్డారో ఆ నలుగురికీ యుద్ధం ముగిసేదాకా తెలియదు.