73 బదులు 37 రాశాను, ఇక టీచర్ పని నాకు వద్దా మేడమ్?

ఈసారి ఉత్తరం జర్మనీ నుంచి వచ్చింది. పేరూ ఊరూ రాయొద్దన్నారు కాబట్టి రాయట్లేదు. ఆవిడకి ముప్పై మూడేళ్ళు, సొంతూరు కరీంనగర్ దగ్గర, ఎంపీసీ డిగ్రీ తర్వాత బీఈడీ చేసి ఆరేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పారు. పెళ్ళయ్యాక భర్త ఉద్యోగం జర్మనీలో కాబట్టి వెళ్ళారు, బాబు పుట్టాడు, వాడికిప్పుడు ఐదేళ్ళు. ఒక పక్క వాణ్ణి చూసుకుంటూనే జర్మన్ సీ వన్ లెవెల్ దాకా (భాషా పరీక్షల్లో పైనుంచి రెండో మెట్టు) చదివి, మన డిగ్రీకి అక్కడ గుర్తింపు తెచ్చుకోవడానికి ఇప్పుడు ఒక గిమ్నాజియుమ్‌లో ట్రైనీ టీచర్‌గా చేరారు (జిమ్ అనుకునేరు, కాదు, ఐదో తరగతి నుంచి యూనివర్సిటీ చదువుకి తయారు చేసే హైస్కూల్ అది).

ఆవిడ మాటల్లోనే కొంచెం: "ఆరో క్లాసులో ఒక పాప ఆన్సర్ చెప్పింది, నేను బోర్డు మీద 37 అని రాశాను, క్లాసంతా నవ్వింది. పాప చెప్పింది 73 అట. వెనక కూర్చున్న మెంటర్ ఏదో రాసుకుంది. తర్వాత, నీకు సబ్జెక్ట్ వచ్చు కానీ పీరియడ్ మొత్తం నువ్వే మాట్లాడావు అంది, అంతే, ఇంకో మంచి మాట లేదు. ఇంటికొచ్చి చెప్తే మా ఆయన, ఎందుకీ తిప్పలు ఇడిసెయ్ రాదు, మనకేం తక్కువ అన్నాడు. ఇంట్లో ప్రాక్టీస్ అవుతుందని బాబుతో కూడా జర్మనే మాట్లాడుతున్నా, వాడేమో మమ్మీ నువ్వు ఫన్నీగా మాట్లాడతావ్ అంటున్నాడు. అత్తమ్మ ఫోన్ చేస్తే రెండో బిడ్డ ఎప్పుడు అనే మాటే. మా అమ్మకేమో నేను టీచర్ అయిపోయానని చెప్పేశా. ఆరు వారాల నుంచి రాత్రి మూడింటికి మెలకువ వచ్చేస్తుంది. మానేయనా మేడమ్?"

చూడమ్మా, ముందు ఆ 73 సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మీ ఉత్తరం మూడు పేజీలుంటే అందులో ఒక పేజీ మొత్తం ఆ ఒక్క నిమిషం గురించే ఉంది. జర్మన్‌లో 73ని ద్రై-ఉంద్-జీబ్‌త్సిగ్ అంటారు, అంటే మూడూ-డెబ్బై. మూడు ముందు వినపడుతుంది, చేతిలో చాక్‌పీస్ ఉంటుంది, చెయ్యి మూడు వేసేస్తుంది. తెలుగులో డెబ్బై మూడు అని పెద్దది ముందు చెప్పి పెరిగిన బుర్ర మనది. హిందీలో తిహత్తర్ అన్నప్పుడు మూడే ముందొస్తుంది, కానీ మనం హిందీ అంకెలు వింటూ బోర్డు మీద లెక్కలు చేయలేదు కదా. ఇంకో సంగతి, ఇలా అంకెలు తిరగబడటానికి వాళ్ళకి ఒక పేరే ఉంది, త్సాలెన్‌ద్రేయర్ అంటారు, జర్మన్ పిల్లలే బోలెడంత మంది చేస్తారు. బోఖుమ్‌లో ఒక మాథ్స్ ప్రొఫెసర్ అయితే 2004లో ఏకంగా ఒక సంఘం పెట్టారు, అంకెల్ని ఇరవై-ఒకటి అన్నట్టు రాసిన వరసలోనే చదివే పద్ధతి కూడా రావాలి అని. జర్మన్ మాథ్స్ ప్రొఫెసరే సంఘం పెట్టేంత ఇబ్బంది ఉన్నచోట మీరు ఒకసారి తప్పు రాశారు.

నేను కూడా డ్యూసెల్‌డార్ఫ్ దగ్గర తొమ్మిదేళ్ళు ఉన్నాను, మా ఆయన ఉద్యోగం మీదే. మొదటి రెండేళ్ళు బేకరీలో ఎంతయిందో చెప్తే అర్థమయ్యేది కాదు, అర్థమైనట్టు తలూపి ప్రతిసారీ పెద్ద నోటు ఇచ్చేసేదాన్ని, చిల్లర తెచ్చి ఇంట్లో హార్లిక్స్ సీసాలో పోసేదాన్ని. ఒకరోజు మా ఆయన ఆ సీసా ఎత్తి, ఏంటే ఇంత బరువు అన్నాడు. నేను పొదుపు చేస్తున్నా అని చెప్పా! అంకెలు అర్థం కావట్లేదు అని చెప్పడానికి నాకు ఇంకో ఆరు నెలలు పట్టింది. ఎంఏ సైకాలజీ చదివిన దాన్ని, బేకరీలో అంకెలు తెలియవని మొగుడితో ఎలా చెప్పను అనిపించేది. అందుకే మీ ఉత్తరం చదువుతుంటే ఆ సీసానే గుర్తొచ్చింది.

క్లాసులో చేయాల్సింది చాలా చిన్నది. ఆన్సర్ చెప్పిన పిల్లనే బోర్డు దగ్గరికి రమ్మనండి, రాయమనండి. అంతే. అంకె తిరగబడే గొడవ ఉండదు, మెంటర్ అన్న "నువ్వే మాట్లాడావు" అనే మాటకీ అదే మందు. అక్కడ పిల్లలు క్లాసులో నోరు విప్పి మాట్లాడినదానికి విడిగా మార్కులుంటాయని మీకు తెలిసే ఉంటుంది, కాబట్టి టీచర్ ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచి క్లాసు అని వాళ్ళ లెక్క. మన దగ్గర రివర్స్, గొంతు పోయేదాకా చెప్పినవాడే మంచి మాస్టారు. మీరే రాయాల్సి వస్తే రాసేముందు అంకెని ఒక్కసారి పైకి అనండి, జీబెన్, ద్రై (ఏడు, మూడు), కరెక్టేనా అని. పిల్లలు చేసే సాయాన్ని సాయంలాగే తీసుకోండి. పదకొండేళ్ళ పిల్లలు నవ్వుతారమ్మా, కరీంనగర్‌లో అయినా నవ్వుతారు, అక్కడైతే మీరు ఒక్క మాట విసిరి క్లాసుని మళ్ళీ మీ వైపు తిప్పుకునేవాళ్ళు. ఇక్కడ ఆ మాట సమయానికి నోటికి రాలేదు, బాధంతా అక్కడుంది. ఆరేళ్ళు నోటితోనే బతికిన మనిషి ఒక్కసారిగా నోట్లో నాలుక లేనట్టు నిలబడాల్సి వచ్చింది. లెక్కలు మాత్రం ఎక్కడికీ పోలేదు.

మెంటర్ విషయంలో నేను మీ పక్షం కాదు, ముందే చెప్తున్నా. ఆవిడ అన్నది రెండు ముక్కలు, సబ్జెక్ట్ వచ్చు, ఎక్కువ మాట్లాడావు. మీరు రెండోది ఇంటికి తెచ్చుకున్నారు, మొదటిది స్కూల్లోనే వదిలేశారు. జర్మన్లు ముందు ఓ నాలుగు తీపి మాటలు చెప్పి తర్వాత అసలుది చెప్పే రకం కాదు, నిహ్ట్ ష్లెహ్ట్, అంటే "చెడ్డగా లేదు" అన్నారంటే అక్కడ అది మెచ్చుకోలే. పరాయి భాషలో పాఠం చెప్తున్న మనిషితో సబ్జెక్ట్ వచ్చు అని సూటిగా అన్నారంటే నేనైతే ఆ రోజు పాయసం చేసుకునేదాన్ని. వచ్చే వారం ఆవిడ దగ్గరికి వెళ్ళి ఒకటే అడగండి, వచ్చే క్లాసులో నేను మార్చాల్సిన ఒక్క విషయం చెప్పండి, దాన్నే చూడండి అని. పది విషయాలు ఒకేసారి సరిచేసుకోవాలనుకుంటే రాత్రి మూడింటికి మెలకువే వస్తుంది.

ఇక స్టాఫ్‌రూమ్‌లో కూర్చోకుండా కారిడార్ చివర బాక్స్ తింటున్నానని రాశారు, మీ పులిహోర వాసనకి కిటికీ తీశారని. మొదటిరోజు ఎవరి కుర్చీలోనో కూర్చుంటే లేపారని కూడా. జర్మన్ స్టాఫ్‌రూముల్లో చాలాచోట్ల కుర్చీలకి పేర్లు రాసుండవు కానీ ఎవరి కుర్చీ వాళ్ళదే, ఇరవై ఏళ్ళుగా అక్కడే కూర్చుని ఉంటారు. ఇస్ట్ హియర్ ఫ్రై, అంటే ఇక్కడ ఖాళీయేనా, అని అడిగి కూర్చోండి, ఖాళీగా ఉన్నది వాళ్ళే చూపిస్తారు. కిటికీ మాత్రం మీ పులిహోర కోసం తీసి ఉండరు, వాళ్ళు బయట మంచు పడుతున్నా గంటకోసారి కిటికీ బార్లా తీస్తారు, అది వాళ్ళకి పూజలాంటిది. అయినా ఒకరోజు కొంచెం ఎక్కువే పట్టుకెళ్ళండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. మీరు స్కూలు గురించి ఇంత రాశారు కానీ నాకైతే ఇంట్లోనే ఎక్కువ గట్టిగా మాట్లాడాలనిపిస్తోంది. బాబుతో జర్మన్ మాట్లాడటం ఈరోజే ఆపేయండి. కోపం తెచ్చుకోకండి. స్కూల్లో ఏడున్నర నుంచి మధ్యాహ్నం దాకా ఆ భాషలో తడబడి, ఇంటికొచ్చి మళ్ళీ అదే భాషలో, అదీ ఐదేళ్ళ పిల్లాడి ముందు తడబడితే ఇక మీరు మీరుగా ఉండే చోటు ఏది? వాడికి జర్మన్ మీరు నేర్పక్కర్లేదు, కిండర్‌గార్టెన్ నేర్పేసింది. మీరు మాత్రమే ఇవ్వగలిగింది తెలుగు, అందులో మీరు వాడికంటే వంద రెట్లు నోరున్న మనిషి, కథ చెప్పగలరు, తిట్టగలరు, నవ్వించగలరు. అమ్మ ఫన్నీగా మాట్లాడుతుంది అన్న పిల్లాడు పొడుపుకథకి జవాబు తెలియక మీ వెంట తిరగాలి, ఏంటి చెప్పమ్మా చెప్పమ్మా అని. వాడు మీ డెర్, డీ, దాస్ (జర్మన్‌లో నామవాచకాల ముందు వచ్చే మాటలు) సరిచేస్తే థాంక్యూ నాన్నా అని దిద్దుకోండి, కానీ వాడి ఫ్రెండ్స్ ముందు వెక్కిరిస్తే మాత్రం అక్కడికక్కడే తెలుగులో చెప్పండి, అమ్మతో అలా మాట్లాడకూడదు అని. మీ ప్రాక్టీస్ పెద్దవాళ్ళతో చేసుకోండి, ఫోక్స్‌హోఖ్‌షూలెలో, అంటే పెద్దవాళ్ళు నేర్చుకోవడానికి ఉండే స్కూల్లో, సాయంత్రం క్లాసులుంటాయి, అదీ జర్మన్ క్లాసే కానక్కర్లేదు, కుట్టుపనో వంటో ఏదో ఒకటి, చేతులు పనిలో ఉంటే నోరు దానంతట అదే వస్తుంది.

మీ ఆయన సంగతి. ఆయన మంచివాడే అని మీరే మూడుసార్లు రాశారు. "ఇడిసెయ్, మనకేం తక్కువ" అన్నది ప్రేమతోనే అని ఉంటాడు, భార్య ఏడుస్తుంటే చూడలేక. కానీ మీకు వినపడింది వేరు, నీ వల్ల కాదులే అని వినపడింది. ఆరు వారాల నుంచి ఆ మాట మీలో తిరుగుతోంది, ఆయనకి మాత్రం అన్నట్టే గుర్తుండదు, ఇది రాసిస్తా. నాకు ఓదార్పు వద్దు, టైమ్ కావాలి అని ఆయనకి మీరు ఇంతవరకు చెప్పనేలేదు. లెసన్ ప్లాన్ రాత్రి పదింటికి బాబు పడుకున్నాక మొదలుపెట్టి ఒంటిగంటకి ముగించి మళ్ళీ ఆరింటికి లేస్తున్నానని రాశారు, ఆ పదింటి దాకా ఆయనేం చేస్తున్నాడో ఉత్తరంలో ఎక్కడా లేదు. వారంలో రెండు సాయంత్రాలు ఐదు నుంచి ఎనిమిది దాకా బాబు, వంట, స్నానం మొత్తం ఆయనవి. మీరు గది తలుపేసుకోండి, లేదా లైబ్రరీకి వెళ్ళిపోండి. "కొంచెం హెల్ప్ చెయ్" అని అడగొద్దు, ఆ మాటకి ఏ మొగుడూ ఏమీ చేయడు. మంగళవారం, గురువారం అని చెప్పండి.

అత్తమ్మకి జవాబు మీరివ్వకండి. కొడుకునే చెప్పనివ్వండి, ఈ ట్రైనింగ్ అయ్యేదాకా ఆ మాట ఎత్తొద్దమ్మా అని. ఆయన చెప్తే ఒక ఫోన్‌తో పోయేది మీరు చెప్తే పండగ దాకా నడుస్తుంది. మీ అమ్మతో టీచర్ అయిపోయానని చెప్పినదాన్ని అంత పెద్ద అబద్ధం చేసుకోకండి, క్లాసులో నిలబడి పాఠం చెప్తున్నారు కదా. అయినా ఆవిడకి మీ మాటలో తేడా తెలియట్లేదు అనుకుంటున్నారా? చలికాలంలో నాలుగున్నర గంటలు తేడా, మీరు స్కూలు నుంచొచ్చి సాయంత్రం నాలుగున్నరకి ఫోన్ చేస్తే అక్కడ రాత్రి తొమ్మిది, ఆవిడ పడుకునే ముందు వినే చివరి గొంతు మీది. ఇక్కడ బీఈడీ వాళ్ళకి టీచింగ్ ప్రాక్టీస్ ఉంటుంది కదా అలాంటిదే అమ్మా, మళ్ళీ నేర్చుకుంటున్నా అనండి చాలు.

మానేయాలా అన్నదానికి నా జవాబు, ఇప్పుడు మాత్రం తేల్చొద్దు. డిసెంబర్‌లో చీకట్లో స్కూలుకి పోయి నాలుగున్నరకి మళ్ళీ చీకటి పడే ఊళ్ళో ఎవరూ ఏ పెద్ద నిర్ణయమూ తీసుకోకూడదు, ఇది సైకాలజీ పుస్తకంలోది కాదు, నా తొమ్మిదేళ్ళ అనుభవం. ఏప్రిల్ దాకా ఆగండి. అక్కడ స్కూలు చదువు పదహారు రాష్ట్రాల్లో పదహారు రకాలు, మామూలుగా టీచర్‌కి రెండు సబ్జెక్టులు ఉండాలంటారు, మీ ఎంపీసీ వల్ల లెక్కలతో పాటు ఫిజిక్స్ కూడా కలిసొచ్చి ఇక్కడిదాకా వచ్చారు, వన్ సబ్జెక్ట్ అని ఆగిపోయినవాళ్ళు ఎంతమందో. ఏప్రిల్‌లో కూడా వద్దనే అనిపిస్తే మానేయండి, అప్పుడు నేనూ వద్దనను. పగలు బాగా ఆలోచించి మానేయడం వేరు, రాత్రి మూడింటికి భయపడి మానేయడం వేరు.

ఆ మూడింటి మెలకువని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఆరు వారాలు నిద్ర లేకపోవడం ఎక్కువ. ఈ వారమే మీ హౌస్‌ఆర్ట్స్ట్ దగ్గరికి, అదే ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి వెళ్ళి నిద్ర లేదు, ఏడుపొస్తోంది అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. కౌన్సెలింగ్ కావాలంటే 116117కి ఫోన్ చేస్తే సైకోథెరపిస్ట్‌తో మొదటి అపాయింట్‌మెంట్ చూసిపెడతారు, గవర్నమెంట్ రకం హెల్త్ ఇన్సూరెన్స్ ఉంటే ఖర్చు వాళ్ళదే. స్కూల్లో తెలుస్తుందేమో అనే భయం వద్దు, డాక్టర్ సెలవు రాసిస్తే స్కూలుకి వెళ్ళే వివరాల్లో జబ్బు పేరు ఉండదు.

మీ ఆయనతో ఆ మంగళవారం, గురువారం మాట ఆదివారం మాట్లాడండి. షాపులన్నీ మూసేసి ఉంటాయి, కూరగాయలకి వెళ్ళొస్తా అని తప్పించుకునే దారి కూడా ఉండదు పాపం. బాబుని మధ్యాహ్నం పడుకోబెట్టి, టీ ఆయన్నే పెట్టమనండి.