చిన్నీ, డ్యూక్ గొంతుకి పడిపోకు

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది, డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా చేరుతున్నావంట, సోమవారం మొదటి క్లాసే ఇంగ్లీష్ కవి రాబర్ట్ బ్రౌనింగ్ పద్యాలంట, మై లాస్ట్ డచెస్, పోర్ఫీరియాస్ లవర్. మనింట్లో నా తర్వాత ఇంగ్లీష్ చెప్పేది నువ్వే, ఎంత సంతోషమేసిందో! కానీ ఆ రెండు పద్యాల పేర్లు వినేసరికి నిద్రపట్టలేదే, తెల్లారుజామునే లేచి ఇది టైప్ చేస్తున్నా.

మామూలు సంగతులు నీకు తెలుసు. ముందు పద్యం పైకి చదివి వినిపించు. ఏళ్లు బోర్డు మీద రాసెయ్, పోర్ఫీరియాది 1836, డచెస్‌ది 1842. మంచినీళ్లు దగ్గర పెట్టుకో.

అసలు సంగతి ఇది. నేను చేరిన కొత్తల్లో మై లాస్ట్ డచెస్‌ని ఏకపాత్రాభినయంలా చెప్పేదాన్ని. స్కూల్ వార్షికోత్సవాల్లో దుర్యోధనుడి ఏకపాత్ర చూసి పెరిగినదాన్ని కదా, పైట కొంగు పట్టుకుని తెర లాగినట్టు లాగి "ఈ తెర తీసేది నేనొక్కణ్ణే" అనేదాన్ని, వెనక బెంచీల్లో ఈలలు. పోయిన పెళ్లాం బొమ్మని తెర తీసి చూపిస్తూ మాట్లాడే ఆ ఇటలీ ప్రభువు, ఫెరారా డ్యూక్ గొంతు అట్లాంటిది మరి, ఎంత మర్యాదగా మాట్లాడతాడో. పెళ్లాం చేసిన తప్పేంటయ్యా అంటే సూర్యాస్తమయం చూసి నవ్వింది, ఎవరో కోసిచ్చిన చెర్రీ కొమ్మకీ నవ్వింది, తన తొమ్మిది వందల ఏళ్ల వంశం పేరుకీ అంతే నవ్వింది. ఆర్డరిచ్చా, నవ్వులన్నీ ఆగిపోయాయి అంటాడు, ఆ వెంటనే కొత్త సంబంధం మాట్లాడ్డానికొచ్చిన మనిషిని కిందికి పదండి అంటాడు. ఆ లైను నేను ఎంత ఠీవిగా చెప్పేదాన్నో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

మర్నాడు, ప్రియుడే ప్రియురాలిని చంపే పోర్ఫీరియా పద్యం చెప్పి, "అతి ప్రేమ వల్లే చంపాడు" అని నోట్స్ రాయించా. క్లాసయ్యాక రెండో బెంచీ అమ్మాయి, ఎప్పుడూ నోరు విప్పనిది, స్టాఫ్ రూం గుమ్మం దగ్గర నోట్‌బుక్ గుండెకి హత్తుకుని నిలబడింది. "మేడమ్, అయితే ఎవరితో మాట్లాడినా కొట్టేవాడు కూడా ప్రేమ ఎక్కువయ్యే కొడతాడా?" అని అడిగింది. నాకు పేపర్లు దిద్దే తొందర. "అది ఎగ్జామ్‌లో అడగరమ్మా, పిచ్చి అనే పాయింట్ రాయి చాలు" అన్నా. తలూపి వెళ్లిపోయింది. గాజుల పైన చెయ్యి నీలంగా కమిలి ఉంది చిన్నీ, నేను చూశాను. చూసి మళ్లీ పేపర్లలో తల దూర్చా. దసరా సెలవుల తర్వాత ఆ పిల్ల రాలేదు, పెళ్లైందని ఒకరన్నారు, ఊరు మారారని ఒకరన్నారు, నేను మాత్రం నెలాఖరుదాకా రోజూ రిజిస్టర్‌లో ఆబ్సెంట్ వేస్తూ కూర్చున్నా. వాళ్లింటికి వెళ్లి అడగొచ్చని తోచనే లేదు.

అందుకే చెప్తున్నా, ఆ "అతి ప్రేమ" అనే మాట నీ నోట రాకూడదు. ఎవరు ఏ పని చేశారో పిల్లల చేతే వెతికించు. పోర్ఫీరియా పద్యంలో వానలో తడిసి వచ్చింది ఆవిడ, చలికి తలుపేసి మంట రాజేసింది ఆవిడ, పిలిచింది ఆవిడ, వాడు పలకనైనా పలకడు. ఆవిడ తనని ఆరాధిస్తోందని తెలిశాక నాది, నాది అనుకుంటాడు, 41వ లైనుకల్లా ఆవిడ జుట్టే ఆవిడ మెడకి మూడు చుట్లు. తర్వాత నొప్పి తెలీలేదు, నాకు బాగా తెలుసు అంటాడు. ఆవిడ నొప్పి సంగతి కూడా వాడే చెప్పాలి! అక్కడ ఆగు, పిల్లల్ని మాట్లాడనివ్వు.

డచెస్‌లో 56 లైన్లూ జంట ప్రాసలే, అయినా వాక్యం లైను దాటి పోతుంటుంది కాబట్టి చెవికి తెలీదు, డ్యూక్ పట్టు బిగించి మామూలుగా కబుర్లు చెప్తున్నట్టుంటాడు. బొమ్మ గీసినవాడి పేరు చెప్తాడు, కంచు విగ్రహం పోసినవాడి పేరు చెప్తాడు, పెళ్లాం పేరు ఒక్కసారి కూడా చెప్పడు. నువ్వు చెప్పు. ఆ కథ వెనక ఉందనే పిల్ల లుక్రేజియా, 1558లో పదమూడేళ్లకి పెళ్లి, 1561లో పోయింది. విషం పెట్టారని పుకారు, టీబీ అని చరిత్రకారులంటారు, రెండూ చెప్పు.

ఓపికుంటే ది రింగ్ అండ్ ది బుక్ కూడా చూడు, ఒక హత్య కేసు మీద బ్రౌనింగే రాసిన పొడుగాటి పద్యం, 1868-69లో వచ్చింది. డచెస్‌కి ఇవ్వని నోరు బ్రౌనింగ్ అందులో పాంపీలియాకి ఇచ్చాడు, ఇరవై రెండు కత్తిపోట్లతో మంచం మీదుండి మాట్లాడుతుంది. పొడిచిన మొగుడు గుయిడో రెండుసార్లు మాట్లాడి చివరికి, తల నరికే ముందర, తను చంపిన ఆవిడనే కాపాడమని పిలుస్తాడు. చదివిన ప్రతిసారీ ఏడుపొస్తుంది నాకు.

నీకూ నాటకాల పిచ్చి ఉంది, నా రక్తమే కదా, అందుకే ఇంత భయం. నా పాత పుస్తకం కొరియర్‌లో పంపుతున్నా, డ్యూక్ లైన్ల పక్కన పెన్సిల్‌తో రాసుకున్నవన్నీ చెరిపెయ్ తల్లీ. క్లాసయ్యాక వెంటనే బయటికి రాకు, పుస్తకాలు సర్దుకుంటూ కాసేపు ఆగు. ఎవరైనా వచ్చి నిలబడితే కుర్చీ వేసి కూర్చోబెట్టు. సాయంత్రం నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ