ఈ-ఆటో మోటార్ బేరింగ్: నంబరు ఒక్కటే చూస్తే చాలదు

అన్నా, మోటార్‌లో 6203 బేరింగ్ మార్చిన మూడు నెలలకే మళ్లీ గరగరమంటోందన్నారు. 6203 అనేది కొలత మాత్రమే: లోపలి రంధ్రం 17, బయట 40, మందం 12 మిల్లీమీటర్లు. పక్కనుండే అక్షరాలే అసలు సంగతి. జెడ్‌జెడ్ అంటే రేకు మూత, నీళ్లను ఆపదు. వానాకాలం మన విజయనగరంలో తిరిగే బండికి రెండు వైపులా రబ్బరు సీలున్న 2ఆర్‌ఎస్ తీసుకోండి. పాతదాని మీద సీ3 అని ఉంటే కొత్తదీ సీ3 ఉండాలి. సీ3 అంటే వేడికి వ్యాకోచించడానికి లోపల కాస్త ఎక్కువ ఖాళీ ఉంటుంది.

పాత బేరింగ్ పారేయకండి, కోయించి చూడండి. గుండ్లు తిరిగే గాడిలో దువ్వెన పళ్లలా వరుస గీతలుంటే కరెంటు బేరింగ్ గుండా పోతున్నట్టే. అప్పుడు ఖరీదైనా సరే, కరెంటును పోనివ్వని సిరామిక్ గుండ్లున్నది వేస్తే మంచిది.

మోటార్ షాఫ్ట్ (తిరిగే ఇరుసు) మీదకి ఎక్కించేటప్పుడు లోపలి రింగునే నొక్కించండి. బయటి రింగు మీద సుత్తి దెబ్బ పడితే కొత్తదీ ఆ రోజే దెబ్బతింటుంది. నాకు రెండు అలాగే పోయాయి.