సిగరెట్ మానేశాక నాలుగు కిలోలు పెరిగాను, మళ్ళీ మొదలుపెట్టాలా?

రెండు నెలల క్రితం సిగరెట్ మానేశానని, అప్పటి నుంచి నాలుగు కిలోలు పెరిగానని, రోజుకు రెండు కాల్చుకుంటే బరువు దానంతట అదే దిగుతుందని ఒక స్నేహితుడు చెప్పాడని రాశారు. ఆ సలహా నాకూ దొరికింది. ఇచ్చినవాడు నాతో రోజూ అగ్గిపెట్టె పంచుకున్నవాడే. అతని దిగులు నా పొట్ట గురించి కాదు, టీ కొట్టు దగ్గర తోడు పోయినందుకు.

నాది చిత్తూరు. బెల్లం మండీలో లెక్కలు రాస్తాను. ఇరవై ఏళ్ళు రోజుకు పన్నెండు సిగరెట్లు తాగి, 44వ ఏట మానేశాను. అప్పుడు 71 కిలోలు ఉన్నవాడిని నాలుగో నెలకు 77 అయ్యాను. కాబట్టి మీ నాలుగు కిలోలు చూసి నేను కంగారుపడను. మానేసినవారిలో చాలామంది మొదటి ఏడాదిలో నాలుగైదు కిలోలు పెరుగుతారు, అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే వస్తుంది. నికోటిన్ ఆకలిని అణిచిపెడుతుంది, ఒంట్లో ఖర్చయ్యే శక్తిని కొద్దిగా పెంచుతుంది. అది ఆగిపోగానే ఆకలి తిరిగి వస్తుంది, ఖర్చు తగ్గుతుంది. పైగా నాలుకకు, ముక్కుకు ప్రాణం లేచి వస్తుంది. మా ఇంట్లో చింతపండు పులుసు అంత బాగుంటుందని నాకు ఇరవై ఏళ్ళకు తెలిసింది!

నేను చేసిన తప్పు ముందు చెబుతాను. బరువు చూసి భయపడి రాత్రి అన్నం మానేసి రెండు చపాతీలతో సరిపెట్టాను. పదకొండు గంటలకు మెలకువ వచ్చి, అది ఆకలో సిగరెట్ మీద మనసో తెలియక చెప్పులు వేసుకుని వీధి మలుపు దాకా వెళ్ళాను. కొట్టు మూసి ఉండబట్టి బతికిపోయాను. రెండు యుద్ధాలు ఒకేసారి పెట్టుకోకూడదని ఆ రాత్రే అర్థమైంది. మొదటి మూడు నెలలు కడుపు మాడ్చుకోవద్దు.

తర్వాత గుమాస్తా బుద్ధి పనికొచ్చింది. ఒక వారం పాటు నోట్లోకి వెళ్ళిన ప్రతిదీ చిట్టాలో రాశాను. మూడు పూటల భోజనం ఎప్పటిలాగే ఉంది. తేడా అంతా నడిమధ్యలో ఉంది. లారీ దిగుమతి అయ్యాక ఒకటి, వేలంపాట ముగిశాక ఒకటి, బాకీదారుతో ఫోను మాట్లాడాక ఒకటి... వెనకటికి సిగరెట్ ముట్టించిన ప్రతి వేళకూ ఇప్పుడొక బెల్లం ముక్క, ఒక గుప్పెడు వేయించిన వేరుశనగ గింజలు. మండీలో బెల్లం అచ్చు మూల విరిచి రుచి చూస్తే దాన్ని తిండి అని ఎవరూ అనరు, అది పని. నా లెక్కలో ఆ ముక్కలన్నీ కలిపి రోజుకు వంద గ్రాములు తేలాయి. వంద గ్రాముల బెల్లం అంటే సుమారు 380 కేలరీలు. గుప్పెడు వేరుశనగ గింజలు మరో 170. నన్ను పెంచింది అన్నం కాదు, ఖాళీగా మిగిలిన చెయ్యి.

అందుకని నోరు కట్టుకోలేదు, చేతికందే వస్తువు మార్చాను. బల్ల సొరుగులో సోంపు, లవంగాలు, ఒక డబ్బాలో క్యారెట్, దోసకాయ ముక్కలు. సాయంత్రం నూనె తగలని బొరుగులు ఉల్లిపాయ, నిమ్మరసంతో. వేరుశనగ మానడం ఈ జిల్లాలో అయ్యే పని కాదు గనుక, తొక్కతో ఉడికించిన కాయలు తెచ్చుకునేవాడిని. ఒలవడానికి సమయం పడుతుంది, రెండు చేతులకూ పని దొరుకుతుంది. అన్నీ నోటికీ చేతికీ పని కోసమే, వీటిలో మంత్రమేమీ లేదు. మధ్యాహ్నం అన్నం బదులు రాగి సంగటి, ఆకుకూర పప్పు తింటే సాయంత్రం దాకా ఆకలి అనిపించేది కాదు. సంగటి మంచిదని ముద్ద మీద ముద్ద పెట్టుకుంటే మాత్రం మీ ఇష్టం. అన్నిటికంటే కష్టం భోజనం తర్వాతి సిగరెట్. చెయ్యి కడగగానే అక్కడ కూర్చోకుండా వీధి చివరి దాకా నడిచి వచ్చేవాడిని.

కాఫీ సంగతి నాకు ఎవరూ ముందు చెప్పలేదు. పొగలోని కొన్ని పదార్థాల వల్ల కాలేయం కెఫీన్‌ను త్వరగా వదిలించుకుంటుంది. పొగ ఆగితే అదే కాఫీ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. రోజుకు ఐదు కప్పులు తాగే నాకు చేతులు వణికి, నిద్ర పట్టక, దాన్ని సిగరెట్ కోరిక అనుకుని బెల్లం నమిలాను. రెండు కప్పులకు దిగాక సగం చిరాకు పోయింది. కాఫీతో లోపలికి వెళ్ళే చక్కెర కూడా తగ్గింది.

నికోటిన్ చూయింగ్ గమ్ వాడితే బరువు పెరగడం కొంత వాయిదా పడుతుంది. అయితే దాన్ని మామూలు గమ్‌లా నమలకూడదు. ఘాటు తెలిసే దాకా నెమ్మదిగా నమిలి బుగ్గన పెట్టుకోవాలి, కాఫీ తాగిన వెంటనే వేసుకోకూడదు. మీరు ఇన్సులిన్ తీసుకునేవారైతే మానేసిన సంగతి వైద్యుడికి తప్పక చెప్పండి, మోతాదు మార్చాల్సి రావచ్చు. మాట్లాడటానికి ఎవరూ లేకపోతే పొగ మానేవారికి సాయం చేసే, సిగరెట్ డబ్బా మీదే ముద్రించే 1800-11-2356కు ఫోను చేయవచ్చు, డబ్బు ఖర్చు కాదు.

నాలుగో నెలలో, అంటే 77 కిలోల మీద ఉన్నప్పుడే, అలిపిరి నుంచి కొండ ఎక్కాను. మెట్లు 3,550. అంతకుముందు ఎక్కినప్పుడు అలిపిరి తనిఖీలో జేబులోని పెట్టె తీసేసుకుంటారని కిందే రెండు వరుసగా కాల్చి బయలుదేరి, గాలిగోపురం చేరేలోపు తొమ్మిదిసార్లు కూలబడ్డాను. ఈసారి ఆరు కిలోలు అదనంగా మోస్తూ మూడుసార్లే ఆగాను. మోకాళ్ళు నొప్పి పెట్టాయి, ఊపిరి మాత్రం అందింది. మీ స్నేహితుడు మళ్ళీ ఆ మాటెత్తితే ఈ లెక్క చెప్పండి.

రోజూ నలభై నిమిషాల నడక ఐదో నెలలో మొదలుపెట్టాను. ఏడాదిన్నరకు 73 దగ్గర నిలిచాను, ఆ పైన దిగలేదు. బెల్లం రుచి చూసే పని పక్క బల్ల కుర్రవాడికి అప్పగించాను. వాడికి అలవాట్లేమీ లేవు.