పీఎఫ్ ట్రస్టు వడ్డీ తగ్గించింది, మానవ హక్కుల కమిషన్‌కు వెళ్లొచ్చా?

ప్రశ్న: ఆదోని దగ్గర స్పిన్నింగ్ మిల్లులో పనిచేసి 2022 నవంబరులో రిటైరయ్యాను. మా పీఎఫ్ కంపెనీ ట్రస్టులో ఉండేది. ట్రస్టీలు రూల్ మార్చామని 2020-21, 2021-22 సంవత్సరాలకు 7 శాతమే వడ్డీ వేశారు. సెటిల్‌మెంట్ కాగితం చదవకుండానే సంతకం పెట్టాను. పాత స్లిప్పులు లేవు. భార్యకు మోకాళ్ల ఆపరేషన్ చేయించాలి. ముసలితనం సొమ్ము కోయడం మానవ హక్కుల ఉల్లంఘన కాదా? కర్నూలులోని కమిషన్‌లో, వడ్డీ తగ్గించిన తేదీని ఈమధ్యదిగా చూపించి పిటిషన్ వేస్తే చాలని ఒకాయన చెబుతున్నాడు.

జవాబు: మీ కోపమంతా ట్రస్టీల మీద ఉంది. మీకు బాకీ పడింది యజమాని. కేసంతా ఇక్కడే ఉంది.

సొంత ట్రస్టు నడపాలంటే కంపెనీకి అప్పటి పీఎఫ్ చట్టం 17వ సెక్షన్ కింద మినహాయింపు, అంటే సొమ్ము ప్రభుత్వ పీఎఫ్‌లో కట్టకుండా తానే నడుపుకునే అనుమతి, ఉండాలి. అది షరతులతో వస్తుంది. ట్రస్టు వడ్డీ ప్రభుత్వ రేటు కన్నా తగ్గితే తేడాను యజమాని తన జేబులోంచి పెట్టాలి. ఆ రెండేళ్లకు ప్రభుత్వ రేటు 8.5, 8.1 శాతం. రూల్ మార్చాలన్నా పీఎఫ్ కమిషనర్ ముందస్తు అనుమతి కావాలి, అనుమతించే ముందు ఉద్యోగుల మాట వినాలి. మిమ్మల్ని ఎవరైనా అడిగారా? మీరు హక్కు హక్కు అంటున్నారే, అసలు హక్కు అది. ఇక మినహాయింపే లేదని తేలితే కంపెనీ ఇంకా పెద్ద చిక్కులో పడుతుంది.

పెన్షన్ దయాభిక్ష కాదని సుప్రీంకోర్టు 1971లోనే చెప్పింది. వాదనలో పనికొచ్చే మాటే, కానీ దాంతో కమిషన్ తలుపు తెరుచుకోదు. ఘటన జరిగి ఏడాది దాటితే 1993 మానవ హక్కుల పరిరక్షణ చట్టం 36వ సెక్షన్ ప్రకారం కమిషన్ విచారించకూడదు. పైగా అది చూసేది ప్రభుత్వ సేవకుల తప్పులను, ప్రైవేటు మిల్లు లెక్కలను కాదు. తేదీ మార్చమన్న ఆ పెద్దమనిషి మాట వినొద్దు. అబద్ధపు అఫిడవిట్ నేరం, ఇరుక్కునేది మీరే. ఆయన కాదు.

చదవకుండా సంతకమేంటి స్వామీ? ఆ సంతకంతో చట్టమిచ్చిన హక్కు పోదు గానీ, అవతలి లాయరు మొదట చూపించేది ఆ కాగితమే. అసలు టెన్షన్ గడువుది. బకాయి తేల్చే విచారణను పాత పీఎఫ్ చట్టంలో 7ఏ అనేవాళ్లు, దానికి గడువు లేదు. దాని స్థానంలో వచ్చిన 2020 సామాజిక భద్రతా కోడ్ 125వ సెక్షన్ అయిదేళ్లు దాటితే విచారణ మొదలుపెట్టొద్దంటోంది. మొదటి ఏడాది బకాయి మీద ఈ అభ్యంతరం తప్పకుండా వస్తుంది. ఇంకా కూర్చుంటే రెండోదీ పోతుంది.

ఈ వారమే కడప పీఎఫ్ ప్రాంతీయ కార్యాలయానికి, యజమానిని ప్రతివాదిగా చూపిస్తూ రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి ముద్ర వేసిన నకలు తీసుకోండి. అక్కడే పది రూపాయల సమాచార హక్కు దరఖాస్తులో మినహాయింపు ఉత్తర్వు, రూల్ మార్పు అనుమతి, ట్రస్టు ఆడిట్ నివేదికలు అడగండి. వాటి కోసం ఫిర్యాదు ఆపొద్దు. జీతం స్లిప్పులు, బ్యాంకు పాస్‌బుక్ వెతకండి. మీతో రిటైరైన వాళ్లలో ఒక్కరి దగ్గరైనా ట్రస్టు వార్షిక స్లిప్ ఉంటుంది. దానిమీద 7 శాతం అని కనిపిస్తే జిరాక్స్ తీసి ఫిర్యాదుకు జతచేయండి, వీలైతే వాళ్ల చేత కూడా సంతకాలు పెట్టించండి.