న్యాయ సలహా: గుర్రం కొన్నా, లాయంలో ఉంచినా, అరువిచ్చినా

ప్రశ్న: పెళ్లి బరాత్‌లకు గుర్రాన్ని, బగ్గీని కిరాయికి ఇచ్చి బతుకుతున్నాను. పోయిన చలికాలంలో నాందేడ్ జిల్లా మాలేగావ్ ఖండోబా జాతరలో ఒక వ్యాపారి దగ్గర 1,80,000 రూపాయలకు గుర్రం కొన్నాను. తెచ్చిన మూడో వారం నుంచే అది ముందుకాలు కుంటుతోంది. పాత గాయమేనని పశువైద్యులు అంటున్నారు. అమ్మినాయన ఆ సంగతి ఒక్క మాటైనా చెప్పలేదు. పేరు, సొమ్ము రాసిన చీటీ తప్ప నా దగ్గర వేరే కాగితం లేదు. డబ్బు తిరిగి వస్తుందా?
(ఒక పాఠకుడు, దేవరకొండ)

జవాబు: అమ్మినవారు చెప్పకపోవడం ఒక్కటే చట్టం దృష్టిలో మోసం కాదు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 17వ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణలు సరిగ్గా గుర్రం బేరాల గురించే ఉన్నాయి. గుర్రంలో లోపం ఉందని తెలిసీ వేలంలో మాట్లాడకుండా అమ్మినవాడు మోసగాడు కాడని ఒక ఉదాహరణ చెబుతుంది. అయితే కొనేవాడు “నువ్వు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే అనుకుంటాను” అని అడిగినప్పుడు అమ్మేవాడు నోరు మెదపకపోతే, ఆ మౌనం మాటతో సమానమని మరో ఉదాహరణ చెబుతుంది. కనుక జాతరలో మీరు ఏం అడిగారు, ఎవరు విన్నారు అన్నదే మీ కేసుకు ప్రాణం.

దీనికంటే మీకు ఎక్కువగా పనికివచ్చేది 1930 నాటి వస్తు విక్రయ చట్టం. గుర్రం చరాస్తి కాబట్టి ఆ చట్టం దీనికి వర్తిస్తుంది. ఏ పనికి కొంటున్నారో మీరు ముందే చెప్పి, అవతలి వ్యక్తి అనుభవాన్ని నమ్మి కొన్నట్టయితే, అతడు గుర్రాల వ్యాపారమే చేసేవాడైతే, ఆ పనికి గుర్రం తగినదై ఉండాలన్న షరతు కాగితం మీద లేకపోయినా ఉన్నట్టేనని 16వ సెక్షన్ అంటుంది. బగ్గీకి కట్టడానికి కొంటున్నానని మీరు పంపిన వాట్సాప్ సందేశం, ఫోన్‌పేలో డబ్బు పంపిన వివరం, మీతో వచ్చిన మనిషి సాక్ష్యం ఇక్కడ అక్కరకు వస్తాయి. గాయం అమ్మకానికి ముందుదేనని పశువైద్యులు నోటిమాటగా కాక, తేదీ వేసి రాసి ఇవ్వాలి.

ఆలస్యం మాత్రం చేయవద్దు. గుర్రాన్ని వద్దంటున్నానని సమంజసమైన గడువులో తెలపకుండా దగ్గరే ఉంచుకుంటే, మీరు దాన్ని అంగీకరించినట్టే లెక్క; అప్పుడు గుర్రాన్ని తిప్పి పంపే హక్కు పోయి, నష్టపరిహారం అడిగే హక్కు మాత్రమే మిగులుతుంది. ఈ లోగా దాన్ని బరాత్‌కు తిప్పితే మీ కేసు బలహీనపడుతుంది. పైగా గాయపడిన జంతువుతో పని చేయించడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం. రిజిస్ట్రేషన్ చేయించి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. వినియోగదారుల కమిషన్‌కు వెళితే, ఇది వ్యాపారం కోసం చేసిన కొనుగోలని అవతలివారు అభ్యంతరం చెబుతారు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొన్నదాన్ని అలా చూడరాదని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలోనే వివరణ ఉంది. వ్యాపారి మహారాష్ట్రలో ఉన్నా, మీరు నల్లగొండ జిల్లా కమిషన్‌లోనే రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు.

ఇకముందు కొనేటప్పుడు కాగితం రాయించుకోండి. చరాస్తి అమ్మకానికి రిజిస్ట్రేషన్ అక్కర లేదు; ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షుల సంతకాలు చాలు. రంగు, మచ్చలు, ఎత్తు, పళ్లను బట్టి చెప్పిన వయసు, మైక్రోచిప్ ఉంటే దాని నంబరు, కరిచే లేదా తన్నే అలవాటు, డప్పులకూ పటాకులకూ బెదురుతుందా లేదా, ఆడగుర్రమైతే చూలుతో ఉందా అన్నవన్నీ అందులో ఉండాలి. మనవాళ్లు సుడులు లెక్కపెట్టినంత శ్రద్ధగా గిట్టలు చూడరు. సుడి బాగా లేదని ఏ కోర్టూ డబ్బు తిరిగి ఇప్పించదు. గ్లాండర్స్ రక్తపరీక్షలో వ్యాధి లేదని తేలిన కాగితం కూడా అడగండి. ఆ వ్యాధి మనుషులకూ సోకుతుంది. నిర్ధారణ అయిన గుర్రానికి వైద్యం లేదు, చంపవలసిందే. అనుమానం ఉంటే నమూనా హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి వెళుతుంది.

కొన్ని రోజులు చూసి తీసుకుంటానని తోలుకుపోతే, ఆ రోజుల్లో గుర్రానికి ఏమైనా జరిగితే నష్టం ఎవరిదో ముందే రాసుకోండి. ఎనిమిది రోజుల గడువుతో ఇచ్చిన గుర్రం కొనేవాడి తప్పు లేకుండా మూడో రోజున చనిపోయిందని 1880లో ఇంగ్లండ్‌లో వచ్చిన వివాదంలో, అమ్మిన మనిషికి సొమ్ము రాలేదు.

ప్రశ్న: మా గుర్రాన్ని జడ్చర్ల దగ్గర ఒక లాయంలో నెలకింత అని ఉంచాము. కడుపునొప్పికి డాక్టరును పిలిపించామని పెద్ద బిల్లు వేశారు. అది, రెండు నెలల బాకీ కట్టేదాకా గుర్రాన్ని వదలమంటున్నారు. ఇది న్యాయమేనా?
(ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్)

జవాబు: బాకీ వసూలుకు వారు దావా వేయవచ్చు, గుర్రాన్ని ఆపే హక్కు మాత్రం అంత తేలికగా రాదు. అప్పగించిన వస్తువు మీద శ్రమ లేదా నైపుణ్యం వెచ్చించి పని చేసినవారికే దాన్ని అట్టిపెట్టుకునే హక్కును ఒప్పందాల చట్టం 170వ సెక్షన్ ఇస్తుంది. గుర్రానికి స్వారీ నేర్పిన శిక్షకుడు ఆ వాదన చేయవచ్చు. దాణా, గడ్డి వేసి మేపినవారికి, ఒప్పందంలో రాసుకోకపోతే, ఆ హక్కు ఉందనడం కష్టం. వివాదం లేని నెలల కిరాయి ఇప్పుడే కట్టి, వైద్యం ఖర్చును అభ్యంతరంతో కడుతున్నానని రాసి రసీదు తీసుకోండి. గుర్రాన్ని బలవంతంగా తోలుకుపోవడానికి మనుషులను పంపవద్దు.

శూల వచ్చిన గుర్రం మీ ఫోను కోసం ఆగదు. అందుకే ఎంత ఖర్చు వరకు మిమ్మల్ని అడగకుండా డాక్టరును పిలవవచ్చో ఒప్పందంలో అంకె వేసి రాయాలి. దాణా ఎంత, లాడాలు ఎవరు కొట్టిస్తారు, గుర్రాన్ని చూసుకునే సైసు జీతం కిరాయిలో కలిసిందా, గుర్రాన్ని ఇతరులకు స్వారీకి ఇవ్వవచ్చా అన్నవీ రాసుకోవాలి. మామూలు వివేకం ఉన్న మనిషి తన గుర్రాన్ని ఎలా చూసుకుంటాడో అలా చూడవలసిన బాధ్యత 151వ సెక్షన్ ప్రకారం లాయం వారిదే. లాయంలో ఉండగా ఆడగుర్రం ఈనితే, వేరే ఒప్పందం లేనంతవరకు పిల్ల మీదే. 163వ సెక్షన్‌లో ఆవు, దూడ ఉదాహరణతో ఇదే చెప్పారు.

ప్రశ్న: మిత్రుడి గుర్రాన్ని మా తమ్ముడి పెళ్లికి ఉచితంగా అడిగి తెచ్చాము. ఊరేగింపు అయ్యాక మా మేనల్లుడు ఎక్కగా అది జారిపడి గాయపడింది. వాడు జాగ్రత్తగానే నడిపాడు. ఖర్చు మేమే పెట్టుకోవాలా?
(ఒక పాఠకుడు, వనపర్తి)

జవాబు: పెళ్లికొడుకు కోసమనే చెప్పి తెచ్చి ఉంటే మీరే పెట్టుకోవాలి. తన స్వారీకి మాత్రమే ఇచ్చిన గుర్రాన్ని ఒకడు ఇంట్లో వేరొకరికి ఇస్తే, ఆ మనిషి జాగ్రత్తగా నడిపినా సరే, ప్రమాదవశాత్తూ గుర్రానికి దెబ్బ తగిలితే తెచ్చినవాడే పరిహారం ఇవ్వాలని ఒప్పందాల చట్టం 154వ సెక్షన్ కింద ఉదాహరణ ఉంది. గుర్రం పొగరుమోతుదని మిత్రుడికి తెలిసీ మీకు చెప్పకుండా ఇచ్చి, అది మనిషిని పడేసి ఉంటే, ఆ దెబ్బకు అతడే బాధ్యుడయ్యేవాడు; అది 150వ సెక్షన్. మీ విషయంలో అలాంటి దాపరికం కనబడదు. వైద్యం బిల్లు చెల్లించి, గుర్రం కోలుకునేదాకా మిత్రుడు పోగొట్టుకునే కిరాయి గురించి కూర్చుని మాట్లాడుకోండి.