బాలల సైనిక నిర్బంధం: సమాసంలో దాగిన కర్త

సందేహం: నేను దేవరకొండ ప్రాంతంలో సాంఘికశాస్త్రం బోధిస్తున్నాను. యుద్ధ సమయంలో సైన్యాలు పద్దెనిమిదేండ్లు నిండని పిల్లలను పట్టుకొని శిబిరాల్లో, జైళ్లలో ఉంచడం గురించి మా బడి గోడపత్రికకు ఒక వ్యాసం రాసి, ‘యుద్ధకాలంలో మైనర్ల సైనిక నిర్బంధం’ అని పేరు పెట్టాను. మా తెలుగు పండితులు చదివి, పిల్లలను బలవంతంగా సైన్యంలో చేర్చుకోవడమనే అర్థం వస్తున్నదన్నారు. మరొకరు ‘బాల యుద్ధఖైదీలు’ అనమన్నారు. ఇంకొకరు ‘బాల నేరస్థులు’ అని వాడుకలో ఉన్న మాట ఉండగా కొత్తది ఎందుకన్నారు. వీటిలో ఏది సరైనది?

సమాధానం: మీ తెలుగు పండితుల అభ్యంతరం న్యాయమైనదే. ‘నిర్బంధం’ అనే సంస్కృత పదానికి పట్టుదల, బలవంతం అనే అర్థాలు ఉన్నాయి. కదలకుండా కట్టి ఉంచడమనే అర్థమూ తెలుగులో బలంగా నిలిచింది. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టాన్ని మనం ‘ఉచిత నిర్బంధ విద్య’ అనే మాటతో గుర్తుపెట్టుకున్నాం. అక్కడ నిర్బంధమంటే తప్పనిసరి. ‘నిర్బంధ సైనిక శిక్షణ’, ‘నిర్బంధ సైనిక సేవ’ అన్నప్పుడూ అదే అర్థం. కనుక బాలలు, సైన్యం, నిర్బంధం అనే మూడు మాటలు ఒకచోట చేరితే, పాఠకుడి మనసు ముందుగా బలవంతపు చేరికవైపు పోవడంలో వింత లేదు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల పాఠకుడికి ఈ మాట ఇంకొక అర్థాన్ని కూడా ఇస్తుంది. తెలంగాణ సాయుధ పోరాట కాలం నుంచి ఇక్కడి రచనల్లో, ఉపన్యాసాల్లో ‘నిర్బంధం’ అంటే ఒక మనిషిని బంధించడం మాత్రమే కాదు. ఊళ్ల మీద దాడులు, సోదాలు, కొట్టడాలు, కేసులు అన్నీ కలిసిన ప్రభుత్వ అణచివేత. ‘ఆ ఏడాది నిర్బంధం పెరిగింది’ అని రాస్తే, జైళ్లలో జనం పెరిగారని మాత్రమే ఇక్కడెవరూ అర్థం చేసుకోరు. ఈ అర్థాన్ని నిఘంటువులు ఎంతవరకు పట్టించుకున్నా, వాడుక దాన్ని స్థిరపరిచింది. అది తప్పు ప్రయోగమని నేను అనను.

అయితే చిక్కు పదంతోనే ఆగలేదు, సమాసంలోనూ ఉంది. ‘సైనిక’ శబ్దం సేన నుంచి పుట్టింది. సిపాయి అనే నామంగానూ, సైన్యానికి సంబంధించిన అనే విశేషణంగానూ నడుస్తుంది. ‘సైనిక నిర్బంధం’ అన్న సమాసాన్ని సైనికులచేత నిర్బంధం అని విడదీయవచ్చు, సైనికుల యొక్క నిర్బంధం అనీ విడదీయవచ్చు, సైన్యం కొరకు నిర్బంధం అని కూడా చెప్పవచ్చు. మీరు ఉద్దేశించింది మొదటిది, మీ పండితులు చదివింది చివరిది. దానికి ముందు వచ్చిన షష్ఠీ విభక్తి మరొక సందేహాన్ని కలుపుతుంది. ‘పోలీసుల నిర్బంధం’ అన్నప్పుడు పోలీసులు నిర్బంధించినవారు. ‘మైనర్ల నిర్బంధం’ అన్నప్పుడు మైనర్లు నిర్బంధానికి గురైనవారు. ఒకే విభక్తి ఒకచోట కర్తను, ఇంకొకచోట కర్మను చెబుతున్నది. మన చరిత్ర నుంచే ఒక ఉదాహరణ తీసుకోండి. ‘రజాకార్ల నిర్బంధం’ అని శీర్షిక పెడితే, 1948 సెప్టెంబరుకు ముందు రజాకార్లు పల్లెల మీద సాగించిన దౌర్జన్యం గురించా, పోలీసు చర్య తరువాత ఖాసిం రజ్వీతో పాటు వాళ్లను బంధించడం గురించా? శీర్షిక మాత్రమే చూసి ఎవరూ చెప్పలేరు. బాధితుడికీ బాధించినవాడికీ ఒకే ప్రత్యయం పడే చోట, రచయిత సమాసాన్ని విడిచి వాక్యం రాయాలన్నది నా అభిప్రాయం.

ఈ విషయంలో మన పల్లెల మాట రాతకంటె నిక్కచ్చిగా ఉంటుంది. 1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలోకి వచ్చింది. ఆ తరువాత 1951 అక్టోబరులో పోరాట విరమణ జరిగేదాకా నల్లగొండ, వరంగల్లు జిల్లాల్లో కమ్యూనిస్టు దళాలకోసం గాలింపు సాగింది. అనుమానం వచ్చిన ఊరివాళ్లను క్యాంపుల్లో పెట్టారు. ఇటువంటి సంగతిని ఇక్కడి మనిషి ‘పిలగాండ్లను మిల్ట్రోళ్లు పట్కపోయి క్యాంపుల పెట్టిండ్రు’ అనే తీరులో చెబుతాడు. ఎవరిని, ఎవరు, ఏం చేసి, ఎక్కడ పెట్టారన్నవి నాలుగూ ఆ ఒక్క వాక్యంలో ఉన్నాయి. దాన్నే పత్రికాభాషలోకి మార్చి ‘పలువురు బాలలను అదుపులోకి తీసుకున్నారు’ అని రాస్తే కర్త జారిపోతాడు. తెలుగులో కర్మణి ప్రయోగం అరుదని, అందువల్ల మన భాషలో కర్త దాగడని కొందరు నమ్ముతారు. కాని కర్తను చెప్పకుండా బహువచన క్రియతో వాక్యం ముగించే ఈ పద్ధతి కర్మణి ప్రయోగం చేసే పనినే చేస్తుంది. కర్తను అధ్యాహారం చేసుకొనే బాధ్యత పాఠకుడిమీద పడుతుంది; యుద్ధవార్తలో ఆ కర్త ఏ దేశపు సైన్యమన్నదే ప్రధాన విషయం.

ఇక ‘బాల యుద్ధఖైదీ’ సంగతి. యుద్ధఖైదీ అనేది వర్ణన మాత్రమే కాదు, ఒక హోదా. 1949 నాటి మూడవ జెనీవా ఒప్పందం ప్రకారం శత్రుసైన్యానికి చెందిన పోరాటయోధుడు పట్టుబడితే ఆ హోదా వస్తుంది, దానితో కొన్ని హక్కులు వస్తాయి. దానికి కనీస వయసు లేదు కనుక ఒక దేశపు సైన్యంలో ఉన్న పదహారేండ్ల పిల్లవాడు పట్టుబడితే అతడూ యుద్ధఖైదీయే, ఆ మాట అతనికి సరిపోతుంది. పట్టుబడిన ప్రతి పిల్లవాడికీ అది సరిపోదు. కెనడా పౌరుడు ఒమర్ ఖాదర్ 2002 జూలైలో అఫ్ఘానిస్తాన్‌లో అమెరికా సైన్యానికి చిక్కినప్పుడు అతని వయసు 15 ఏండ్లు. అతన్ని మొదట అఫ్ఘానిస్తాన్‌లోనే బగ్రాంలో, ఆ ఏడాది అక్టోబరు నుంచి క్యూబాలో అమెరికా సైనిక జైలున్న గ్వాంటనామోలో పెద్దవాళ్ల మధ్య ఉంచి, 2012 సెప్టెంబరులో కెనడాకు పంపారు. అమెరికా అతనికి యుద్ధఖైదీ హోదా ఇవ్వలేదు. అదే గ్వాంటనామోలో మరి ముగ్గురు చిన్నపిల్లలను ‘క్యాంప్ ఇగ్వానా’ అనే వేరుచోట ఉంచి, 2004 జనవరిలో విడిచిపెట్టారు. వీళ్లను మనం ‘బాల యుద్ధఖైదీలు’ అని రాస్తే, లేని హోదాను ఉన్నట్లు చూపి, హోదా నిరాకరించారన్న అసలు సంగతిని మన చేతులతోనే చెరిపినట్లవుతుంది.

ఆయుధం పట్టనే పట్టని పిల్లలకు ఆ మాట ఇంకా దూరం. 1962 చైనా యుద్ధం తరువాత మన దేశంలోని చైనా సంతతివారిని మూడువేల మంది దాకా రాజస్థాన్‌లోని దేవలీ శిబిరంలో ఉంచారు. కుటుంబాలను తరలించినందున వారిలో పసిపిల్లలూ ఉన్నారు. వారు ఖైదీలు కారు, వారి మీద నేరారోపణ లేదు. ఇటువంటి చోట ‘నిర్బంధ శిబిరం’ అన్న మాట సరిగ్గా అతుకుతుంది. నాలుగవ జెనీవా ఒప్పందం చెప్పేది ఇటువంటి పౌరుల గురించే. పిల్లలను, గర్భిణులను, పసిబిడ్డల తల్లులను యుద్ధం ముగియకముందే విడిచిపెట్టేందుకు ప్రయత్నించాలని అందులో ఉంది. నిజాం కాలంలో ఈ రకపు నిర్బంధానికి ఉర్దూలో ‘నజర్‌బంద్’ అనే మాట ఉండేది. నేరం రుజువు కాకుండానే ఒకచోట కట్టడి చేయడం దాని అర్థం. తెలుగులో దానికి సమానమైన ఒక్కమాట నిలవకపోవడం ఒక లోటే.

‘బాల నేరస్థులు’ అనే సూచనను మాత్రం మీరు అంగీకరించకండి. పాతమాట కావడం దాన్ని నిలబెట్టదు. మన చట్టమే దాన్ని వదిలింది. 1986 నాటి బాల న్యాయ చట్టంలో నేరప్రవృత్తిగల బాలుడు అనే భావాన్నిచ్చే పదం ఉండగా, 2000లో, మళ్లీ 2015లో దాన్ని మార్చి ‘చట్టంతో ఘర్షణపడిన బాలలు’ అన్నారు. అందులో నేరం రుజువైనవారే కాక ఆరోపణ మాత్రమే ఉన్నవారూ చేరతారు. పైగా అటువంటి పిల్లవాడిని పోలీసు లాకప్‌లో గాని జైల్లో గాని ఉంచరాదని 2015 చట్టం స్పష్టంగా చెబుతున్నది. మామూలు రోజుల్లో తీర్పుకు ముందు నేరస్థుడని పిలవకూడని పిల్లవాణ్ణి, తుపాకుల నడుమ దొరికినంత మాత్రాన నేరస్థుణ్ణి చేసే అధికారం వ్యాసకర్తకు లేదు. సాయుధ దళాల వెంట ఉన్న పిల్లల్లో వంట చేసేవారు, మూటలు మోసేవారు, చీటీలు చేరవేసేవారు ఉంటారు, ఆడపిల్లలూ ఉంటారు. అందుకే 2007లో పారిస్‌లో రూపొందిన సూత్రాల్లో ‘బాల సైనికులు’ అన్న మాటకు బదులు, సాయుధ బలగాలతోగాని సాయుధ గ్రూపులతోగాని ముడిపడిన బాలలు అనే పొడుగాటి మాటను ఎంచుకున్నారు. పొడవు గురించి ఫిర్యాదు చేయవచ్చు గాని, నిజాన్ని పట్టుకోవడానికి ఆ పొడవు అవసరమైంది.

వ్యాసంలో ‘పునరావాస కేంద్రం’ అనే మాట వస్తే దాన్ని కూడా ఒకసారి పరీక్షించండి. శ్రీలంకలో 2009 మేలో యుద్ధం ముగిశాక తమిళ పులుల (ఎల్‌టీటీఈ) దళాల్లో ఉండిన పిల్లలను పంపిన చోట్లకు ఆ పేరే ఉండేది. శ్రీశైలం జలాశయంలో ఊళ్లు మునిగిన మహబూబ్‌నగర్ జిల్లావాళ్లకు పునరావాసమంటే కోల్పోయిన ఇంటికి బదులు ఇల్లు. తల్లిదండ్రుల దగ్గరికి వెళ్లే స్వేచ్ఛ పిల్లవాడికి ఉందా లేదా అన్నది చెప్పి, ఆ తరువాత ఆ మాట వాడితే పాఠకుడు పొరబడడు.

‘మైనర్’ తప్పుకాదు, కోర్టు భాషలో స్థిరపడింది. ఒకప్పుడు ఇక్కడి దస్తావేజుల్లో ‘నాబాలిగ్’ ఉన్న చోటును అదే ఆక్రమించింది. కాని ఆస్తి తగాదాల్లో, పెండ్లి కేసుల్లో వినబడే ఆ మాటకంటె ‘బాలలు’ మేలు. భారతదేశం 1992లో అంగీకరించిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందం పద్దెనిమిదేండ్లు నిండనివారిని సాధారణంగా బాలలే అంటున్నది. బాలల నిర్బంధం చివరి మార్గంగా మాత్రమే, వీలైనంత తక్కువ కాలం ఉండాలనీ, వారిని పెద్దలనుంచి వేరుగా ఉంచాలనీ అంటున్నది. ఆ హక్కులు ‘బాల’ అన్న మాటకు అతుక్కొని ఉన్నాయి.

కాబట్టి మీ వ్యాసానికి ‘యుద్ధకాలంలో సైన్యం నిర్బంధించిన బాలలు’ అని పేరు పెట్టండి. కర్త సైన్యమని తెలుస్తుంది, కర్మ బాలలని తెలుస్తుంది, బలవంతపు చేరిక అనే అర్థానికి చోటుండదు. లోపల ప్రతి ఉదాహరణలోనూ పట్టుకున్న సైన్యం పేరు, పట్టుబడిన నాటికి పిల్లవాడి వయసు, ఉంచిన చోటు రాయండి. విడుదలైన నాటి వయసును మాత్రమే ఇస్తే, ఖాదర్ వంటివారు ఇరవై దాటిన మనుషులుగా కనబడతారు.